నెత్తుటిలో దాగిన మందు

వంటింటిలో కూరలు తరుగుచుండగా కత్తిపీట వాదర తగిలి వ్రేలు తెగుట ప్రతి యింటను జరుగు సంగతియే. నెత్తురు చిమ్మును. ఇల్లాలు వ్రేలిని గట్టిగా అదిమి పట్టి, చన్నీళ్లతో కడిగి, చిటికెడు పసుపు అద్ది, గుడ్డపేలిక చుట్టి మరల పనిలో పడును. నాలుగైదు నిమిషములలో నెత్తురు కట్టును. కొలది దినములలో పొక్కు రాలిపోయి, క్రింద లేత చర్మము అగపడును. ఇంతలో ఎవ్వరును వైద్యుని పిలువలేదు. ఎవ్వరును కుట్లు వేయలేదు. మరి ఆ పని చేసినదెవరు? ఈ ప్రశ్నను మనము సామాన్యముగా వేసికొనము. జరుగవలసినది సవ్యముగా జరిగినప్పుడు కారణ మడుగు అలవాటు మనకు తక్కువ.

కాని మానని పుండుతో మంచమెక్కినవారున్న యింట ఈ ప్రశ్న మరొక రూపమున వినబడును. మధుమేహరోగి అరికాలిలో చిన్నపుండు లేచి, నెలలు గడచినను మానక, తుదకు కాలినే తీసివేయవలసిన స్థితి వచ్చుట మనమెరిగినదే. అట్టి యింటివారు, అందరికిని మానునట్టి గాయము మావానికేల మానలేదని అడుగుదురు. నేడు కొందరు వైద్యులు అట్టివారికి, మీ నెత్తురే మీకు మందని చెప్పి, రోగి రక్తమునే కొంత తీసి, యంత్రములో త్రిప్పి, అందులో ఒక పాలును వేరుచేసి పుండ్లపై పూయుచున్నారు. అరిగిన మోకాళ్లలోనికి, నొచ్చిన స్నాయువులలోనికి, తుదకు బట్టతలలోనికి కూడ దానిని ఎక్కించుచున్నారు. ప్లేట్‌లెట్లు అధికముగా గల ప్లాస్మా అని దానికి పేరు, పి.ఆర్.పి. అని వాడుక. ఈ మందు ఎంతవరకు నమ్మదగినది? దీనికి సమాధానము కావలెనన్నచో, ఇది ఎట్లు పుట్టినదో, ఎవరెవరి చేతులు మారి మనదాక వచ్చినదో ముందు తెలిసికొనవలెను. ఆ కథ నూటయేబది సంవత్సరములకు పైబడినది.

గాయమును గూర్చిన విచారణ మన దేశమున చాల ప్రాచీనమైనది. కారుచున్న రక్తమును నిలుపుటకు సుశ్రుత సంహిత నాలుగు ఉపాయములను చెప్పినది. వగరు ద్రవ్యములతో గాయమును కూర్చుట, చల్లదనముచే రక్తమును గడ్డకట్టించుట, భస్మములతో పక్వము చేయుట, కాల్చుట అనునవి ఆ నాలుగు. వ్రణచికిత్సకు అరువది ఉపక్రమములను కూడ ఆ గ్రంథము వివరించినది. ఇవి అనుభవమువలన ఏర్పడిన సూత్రములు. అయినను కంటికి కనబడని దానిని ఎంతటి వైద్యుడైనను ఊహింపగలడే కాని చూడజాలడు. చూచుటకు సూక్ష్మదర్శిని కావలెను.

1674లో హాలెండు దేశపు డెల్ఫ్ట్ నగరమున లీవెన్‌హుక్ అను బట్టల వర్తకుడు తాను స్వయముగా అరగదీసిన కటకముతో నెత్తుటి బొట్టులోని ఎర్రకణములను చూచి వర్ణించెను. తరువాత తెల్లకణములును కనబడినవి. రక్తములో ఈ రెండే కలవని పండితులు చాలకాలము నిశ్చింతగా నుండిరి. మూడవది ఒకటి కలదని తెలియుటకు ఇంచుమించు రెండువందల యేండ్లు పట్టినది. కారణము సులభముగనే ఊహింపవచ్చును. ఎర్రకణము వెడల్పు మిల్లీమీటరులో వేయింట ఏడు పాళ్లు. ఈ మూడవ దాని వెడల్పు రెండు మూడు పాళ్లే. పైగా దానికొక మాయ కలదు. శరీరమునుండి నెత్తురు వెలువడిన కొన్ని క్షణములకే అది రూపు మార్చుకొని, తోటివానితో అంటుకొని, ముద్దయై పోవును. కావున అద్దము క్రింద దానిని చూచినవారు కూడ అది ఏదో నలుసనియో, విరిగిన తెల్లకణపు తునుక యనియో తోసిపుచ్చిరి.

1865లో జర్మనీలో మాక్స్ షుల్ట్స్ అను శరీరశాస్త్రజ్ఞుడు, నెత్తురు చల్లబడకుండ సూక్ష్మదర్శిని పీఠమును వెచ్చగా నుంచు ఉపాయమును కల్పించి, ఈ చిన్న గుండ్లను శ్రద్ధగా వర్ణించెను. రక్తమును పరిశోధించువారు వీనిని తప్పక పరిశీలింపవలెనని ఆయన కోరెను. 1874లో విలియమ్ ఆస్లర్ అను కెనడా యువవైద్యుడు లండనులో పనిచేయుచు మరొక సంగతిని కనుగొనెను. ఎలుక రక్తనాళము లోపల ఈ కణికలు ఒకటొకటిగా విడివిడిగా తిరుగుచున్నవి. నెత్తురు బయటికి తీసిన పిమ్మటనే గుంపు కట్టుచున్నవి. అనగా ఆ ముద్దలు జబ్బు వలన పుట్టినవి కావు, బయటికి తీయుట వలన ఏర్పడినవి. ప్యారిస్‌లో జార్జి హయెమ్ 1878 నాటికి వీనిని లెక్కించెను గాని, ఇవి ఎర్రకణములకు శైశవావస్థ యని పొరబడెను.

ఈ చిక్కుముడిని విప్పినవాడు ఇటలీ దేశీయుడు జూలియో బిజ్జొజేరో. 1846లో వరేజె పట్టణమున జన్మించి, ట్యూరిన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైనవాడు. ఆయన చేసినది చెప్పుటకు సులువు, చేయుటకు కష్టము. శరీరమునుండి నెత్తుటిని తీసి చూచుట మాని, ప్రాణముతోనున్న చిన్నజంతువు ప్రేగులను పట్టియుండు పలుచని పొరలో, పారుచున్న నెత్తుటినే చూడనారంభించెను. ప్రవాహములో ఎర్రకణములు, తెల్లకణములు, వానికి తోడు రంగులేని చిన్న బిళ్లలు పోవుచుండెను. అప్పుడు ఆయన రక్తనాళమును సూదితో గాయపరచెను. వెంటనే గాయపడిన చోటికి వచ్చి అంటుకొన్నవి ఆ బిళ్లలే. వానిపై మరికొన్ని, వానిపై మరికొన్ని చేరి రంధ్రము పూడిపోయెను. 1882 నాటికి ఆయన తన పరిశీలనలన్నియు ప్రకటించి, వీనికి చిన్న పలకలు అను అర్థము గల పేరు పెట్టెను. మన శాస్త్రగ్రంథములలో రక్తఫలకికలనియు, డెంగీ జ్వరము వచ్చిన ప్రతి యింటను ప్లేట్‌లెట్లనియు చెప్పుకొనునవి ఇవియే.

ఇందులో ఒక విచిత్రము కలదు. అంతకు పన్నెండు పదమూడేండ్ల ముందే బిజ్జొజేరో ఎముకల మూలుగలో కొన్ని మహాకాయములైన కణములను చూచి వర్ణించియుండెను. ఆ పెద్దకణముల అంచులు తెగి పడినవే ఈ ఫలకికలు. తల్లిని బిడ్డను తానే చూచినను, ఈమె బిడ్డయే ఇదని ఆయనకు తోచలేదు. జీవితము చివరి సంవత్సరములలో ఆయనకు చూపు మందగించి, సూక్ష్మదర్శినిని విడువవలసివచ్చెను; అప్పుడాయన ప్రజారోగ్యమునకై పాటుపడెను. 1901లో మరణించెను. 1906లో అమెరికాలోని బోస్టన్ నగరమున జేమ్స్ హోమర్ రైట్ అను వైద్యుడు తాను కూర్చిన రంగుమందుతో మూలుగను పరీక్షించి, తల్లిబిడ్డల సంబంధమును స్థిరపరచెను. ఆ రంగుమందు నేటికిని ప్రపంచమంతట రక్తపరీక్షాశాలలలో ఆయన పేరనే వాడుకలోనున్నది.

1910లో విలియమ్ డ్యూక్ అను అమెరికా వైద్యుడు, ఫలకికలు తగ్గి రక్తస్రావమగుచున్న రోగులకు అన్యుల రక్తము నెక్కించినచో ఫలకికల సంఖ్య పెరిగి స్రావము నిలుచుచున్నదని చూపెను. చెవితమ్మెపై చిన్న గాటు పెట్టి, నెత్తురు ఎంతసేపు కారునో కొలుచు పరీక్షను ప్రవేశపెట్టినవాడును ఆయనయే. 1914లో నిమ్మ ఉప్పును కలిపినచో తీసిన రక్తము గడ్డకట్టదని బెల్జియమ్, అర్జెంటీనా దేశముల వైద్యులు చూపిరి. నిలువచేయుట సాధ్యమైన పిమ్మట రక్తమును పాళ్లుగా విడదీయుటయు సాధ్యమైనది.

ఈ ఘట్టమున మన తెలుగువాని పేరొకటి వచ్చును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమున నడపిన కృషి ఫలితముగా అమినాప్టెరిన్ అను మందు తయారైనది. దానితో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు 1948లో రక్తపు కేన్సరుతో బాధపడు పిల్లలలో కొందరికి తాత్కాలికముగనైనను వ్యాధి తగ్గినదని ప్రకటించెను. మందులతో కేన్సరును ఎదిరింపవచ్చునను ఆశ అప్పుడు చిగిర్చినది. అయితే ఆ వ్యాధి వలనను, తరువాత వచ్చిన తీవ్రమైన మందుల వలనను మూలుగ దెబ్బతిని, ఫలకికలు తగ్గి, పిల్లలు రక్తస్రావముతో మరణించుచుండిరి. కావున ఫలకికలను వేరుగా ఎక్కించు మార్గము కావలసివచ్చెను. గాజుసీసాలకు బదులు ప్లాస్టిక్ సంచులు వచ్చుటయు, 1950, 1960 దశకములలో అమెరికా జాతీయ కేన్సర్ సంస్థలో ఎమిల్ ఫ్రైరైక్ మొదలగువారు చేసిన కృషియు దానికి తోడ్పడినవి. ఫలకికలు అధికముగా గల ప్లాస్మా అను మాట వైద్యులకు పరిచితమైనది ఈ సందర్భముననే. అప్పటికి దాని ప్రయోజనము ఒక్కటే, నెత్తురు నిలుపుట. గాయము మాన్పుటయను మాట ఇంకను పుట్టలేదు.

ఆ మాట పుట్టిన చోటు రోగి మంచముకాదు, పరిశోధనాశాలలోని గాజుపళ్లెము. జంతుకణములను శరీరము వెలుపల పెంచువారు వానికి ఆహారముగా సీరమును పోయుదురు. సీరమునకు, ప్లాస్మాకు గల భేదమును ఇక్కడ గమనింపవలెను. గడ్డకట్టకుండ నిలిపిన రక్తమునుండి కణములన్నిటిని వేరుచేయగా మిగిలిన పచ్చని ద్రవము ప్లాస్మా. రక్తమును గడ్డకట్టనిచ్చి, ఆ గడ్డనుండి ఊరిన తేటను తీసినచో అది సీరము. చూపునకు రెండును ఒక్కటివలెనే యుండును. కాని సీరము పోసిన పళ్లెములో కణములు పెరుగును. ప్లాస్మా పోసినచో అంతగా పెరుగవు. ఏండ్ల తరబడి సీరమును వాడుచున్నను, గడ్డకట్టుటలో ఈ బలమెక్కడనుండి వచ్చినదని అడిగినవారు తక్కువ.

1974లో అమెరికాలోని సియాటిల్ నగరమున రసెల్ రాస్, ఆయన సహచరులు ఆ ప్రశ్నను సూటిగా పరీక్షించిరి. వారికి గాయములతో పని లేదు. ధమనుల గోడలు ఏల దళసరెక్కి పూడిపోవునో, అనగా గుండెపోటునకు మూలమేమో తెలిసికొనుట వారి కోరిక. కోతిరక్తమును గడ్డకట్టనిచ్చి తీసిన సీరముతో ధమనికణములు చక్కగా వృద్ధిచెందెను. ఫలకికలను తొలగించిన ప్లాస్మానుండి చేసిన సీరముతో అంతగా పెరుగలేదు. దానికే మరల ఫలకికలను చేర్చి గడ్డకట్టించినప్పుడు బలము తిరిగి వచ్చెను. అనగా ఆ శక్తిని విడుదల చేయుచున్నవి ఫలకికలే. అదే సంవత్సరము కోలర్, లిప్టన్ అనువారును స్వతంత్రముగా ఇట్టి నిర్ణయమునకే వచ్చిరి. 1979 నాటికి బోస్టనులోను, స్వీడనులోని ఉప్సాలాలోను పరిశోధకులు ఆ పదార్థమును శుద్ధిచేసిరి. ఫలకికలనుండి పుట్టిన వృద్ధికారకమని దానికి పేరు వచ్చినది. తరువాత అదే కోవకు చెందిన మరికొన్ని పదార్థములును ఫలకికల లోపలి సన్నని రేణువులలో నిలువయున్నట్లు తెలిసినది.

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు సమాధానము దొరకినది. వరదకాలమున కాలువగట్టుకు గండిపడినదనుకొందము. ముందుగా పరుగెత్తుకొని వచ్చినవారు తమ దేహములనే అడ్డుపెట్టి, ఇసుకబస్తాలు పేర్చి నీటిని ఆపుదురు. అంతటితో గట్టు బాగుపడినట్లు కాదు. కొట్టుకొనివచ్చిన చెత్తను తీయువారు, మన్ను మోయువారు, రాతిపని చేయువారు రావలెను. వారికి కబురు పంపవలెను. ఫలకికలు ఈ రెండు పనులును చేయును. గండిని పూడ్చుచునే, తమలోని రేణువులను విప్పి కబురు వెదజల్లును. ఆ కబురందుకొని తెల్లకణములు వచ్చి క్రిములను, చచ్చిన కణములను తొలగించును. తరువాత పీచుకణములు చేరి కొత్త కణజాలమును అల్లును. సన్నని రక్తనాళములు మొలచును. పైచర్మము అంచులనుండి ప్రాకి కప్పును. నెత్తురు నిలుపుట నిమిషముల పని. కట్టడము వారముల పని. దానికి గట్టిదనము వచ్చుటకు నెలలు పట్టును. కేంద్రకమైనను లేని, పది దినములైనను సరిగా బ్రతుకని ఆ చిన్న బిళ్ల ఈ మూడింటికిని శ్రీకారము చుట్టుచున్నది.

అయితే కబురు ఎక్కువైనను ముప్పే. 1983లో కోతులలో కేన్సరు పుట్టించు ఒక వైరసును పరిశీలించినవారు, దాని దుష్టజన్యువు ఈ వృద్ధికారకమునకు దాదాపు ప్రతిరూపమని కనుగొనిరి. గాయమును మాన్పు భాషయే అదుపుతప్పినప్పుడు వ్రణమును పెంచు భాష కావచ్చునని దీనివలన తేలినది. ఈ హెచ్చరిక తరువాతి కథలో మరల వినబడును.

1986లో అమెరికాలోని మిన్నెసోటాలో డేవిడ్ నైటన్ అను శస్త్రవైద్యుడు, రోగి ఫలకికలనే వేరుచేసి, వానినుండి వెలువడిన ద్రవమును మానని పుండ్లపై వేయు పద్ధతిని ప్రకటించెను. 49 మంది రోగులు. సగటున 198 వారములు, అనగా నాలుగేండ్లకు దగ్గరగా, ఇతర చికిత్సలతో విసిగినవారు. ఈ ద్రవముతో సగటున పదునొకండు వారములలోపలనే పుండ్లు మానినవని ఆయన వ్రాసెను. వైద్యలోకము ఆశ్చర్యపడినది. కాని ఆ వృత్తాంతములో ఒక లోపము కలదు. ఈ ద్రవము వేయకుండ, తక్కిన శుభ్రత, శ్రద్ధ మాత్రము ఇదే తీరున జరిపిన మరొక జట్టు లేదు. పుండు మానినది ద్రవము వలననా, వారము వారము జరిగిన కడుగుట, కట్టుట వలననా? 1991లో మరొక వైద్యబృందము రోగులను రెండు జట్లు చేసి పరీక్షింపగా తేడా అగపడలేదు. ఒకే విషయమున రెండు సాక్ష్యములు ఎదురెదురుగా నిలిచినవి.

పరిశ్రమలవారు మరొక త్రోవ త్రొక్కిరి. రక్తము తీయు శ్రమ లేకుండ, ఆ వృద్ధికారకమునే ఈస్టుకణములలో తయారుచేసి లేపనముగా అమ్మసాగిరి. 1997లో అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ మధుమేహరోగుల పాదపు పుండ్లకు దాని నంగీకరించెను. 2008లో కేన్సరు మరణములను గూర్చిన అనుమానముచే దానిపై తీవ్రమైన హెచ్చరిక ముద్రింపజేసెను. తరువాతి విచారణలలో ఆ భయము బలపడనందున 2018లో ఆ హెచ్చరికను తొలగించెను. మంచిచెడ్డల తూకము ఇట్లు ఇరువదియేండ్లు సాగినది.

రోగి ప్లాస్మానే వాడు పద్ధతి దంతవైద్యుల చేతిలో మరల తలయెత్తినది. 1998లో రాబర్ట్ మార్క్స్ అను అమెరికా శస్త్రవైద్యుడు, దవడ యెముక లోపించిన 88 మందికి ఎముకపొడితో అతుకువేసి, అందులో సగము మందికి ఫలకికల ముద్దను కూడ కలిపెను. ఎక్స్‌రేలో ముద్ద కలిపిన ఎముక 1.62 నుండి 2.16 రెట్లు త్వరగా పక్వమైనట్లు కనబడెను. తరువాత స్పెయినులో ఎడ్వార్డో అనితువా, ఫ్రాన్సులో జోసెఫ్ షుక్రూన్ తమతమ పద్ధతులను కల్పించిరి.

తయారుచేయు తీరు కష్టమైనది కాదు. రోగి చేతినుండి కొంత రక్తమును తీసి, గడ్డకట్టకుండ నిమ్మ ఉప్పును కలిపి, గొట్టములో పోసి, గిరగిర త్రిప్పు యంత్రములో పెట్టుదురు. పాలు తోడుపెట్టక నిలిపినచో మీగడ పైకి తేలినట్లు, బరువునుబట్టి రక్తము పొరలుగా విడిపోవును. అడుగున ఎర్రకణములు, నడుమ తెల్లకణముల పలుచని పొర, పైన పచ్చని ప్లాస్మా. ఫలకికలు ఆ పలుచని పొరకు పైన, దాని నానుకొనియుండును. ఆ పాలును పీల్చి, అవసరమైనచో మరల త్రిప్పి చిక్కబరతురు. మామూలు రక్తములో ఘనమిల్లీమీటరునకు లక్షన్నర నుండి నాలుగు లక్షలకు పైచిలుకు ఫలకికలుండును. ఇందులో దానికి అనేక రెట్లుండును.

ఇది ఆస్పత్రి గోడలు దాటి జనసామాన్యమున ప్రాకినది క్రీడాకారుల వలన. 2006లో కాలిఫోర్నియాలో మోచేతినొప్పితో బాధపడు 20 మందిపై జరిగిన చిన్న పరీక్ష ఆశాజనకముగా నుండెను. 2009 ఫిబ్రవరిలో అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు హైన్స్ వార్డ్, మోకాలు బెణికిన పిమ్మట ఈ ప్లాస్మాను ఎక్కించుకొని మహాపోటీలో ఆడగా పత్రికలు దానిని చాటినవి. ప్రపంచ ఉత్ప్రేరక నిరోధక సంస్థ 2010లో దీనిని కండరములలోనికి ఎక్కించుట నిషేధించి, క్రీడాబలమును పెంచునను సాక్ష్యము లేనందున 2011లో ఆ నిషేధమును తీసివేసెను. నిషేధించుటయు, విడుచుటయు రెండును దీని ప్రసిద్ధిని పెంచినవే.

ప్రసిద్ధి పెరిగినంత వేగముగా ప్రమాణము పెరుగలేదు. 2010లో నెదర్లాండ్సులో మడమవెనుక స్నాయువు నొప్పిగల 54 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టునకు ప్లాస్మాను, మరొక జట్టునకు ఉత్త ఉప్పునీటిని ఎక్కించిరి. ఎవరికేది ఎక్కినదో రోగికి తెలియనీయలేదు. ఆరునెలలకు రెండు జట్లును బాగుపడినవి. రెండును ఒక్కతీరుననే బాగుపడినవి. 2021లో బ్రిటన్‌లో 240 మందిపై అట్టి పరీక్షలోను, అదే సంవత్సరము ఆస్ట్రేలియాలో మోకాటి అరుగుదలగల 288 మందిపై సంవత్సరకాలము జరిగిన పరీక్షలోను ఫలితము ఇట్లే వచ్చినది. సూది గ్రుచ్చుట, వైద్యుని ఆదరణ, మందు పడినదను నమ్మకము, కాలము గడచుట, ఇవియే నొప్పిని కొంత తగ్గింపగలవు. ఉప్పునీటి జట్టు లేనిచో ఆ కీర్తియంతయు ప్లాస్మాకే దక్కియుండును. ఇతర పరీక్షలు కొన్ని అనుకూలముగా వచ్చినమాటయు నిజమే. అందువలన వైద్యులలో వివాదము తీరలేదు.

ఇట్లేల జరుగుచున్నది? ఒకటి, ఈ మందు ఏ ఇద్దరికిని ఒక్కటి కాదు. రోగి రోగికి ఫలకికల సంఖ్య వేరు. యంత్రము యంత్రమునకు చిక్కదనము వేరు. తెల్లకణములను ఒకరు ఉంచుదురు, ఒకరు తీసివేయుదురు. పేరొక్కటే, వస్తువులు పది. రెండు, మనము చెప్పుకొన్న గండికథను మరువరాదు. తెగిన గాయములో కబురందుకొను పనివారు సిద్ధముగా నుందురు. ఏండ్లుగా అరిగిన మోకాటి మృదులాస్థిలో రక్తనాళములే లేవు, పనివారు అరుదు. ఊరిలో జనమే లేనప్పుడు దండోరా ఎంత గట్టిగా వేసినను గట్టు లేవదు.

పనివారున్నచోట ఫలితము వేరుగా నుండుటకు ఒక నిదర్శనము కలదు. 2018లో బ్రిటన్, డెన్మార్కు, స్వీడన్ దేశములలో మధుమేహరోగుల మానని పాదపు పుండ్లపై జరిగిన పరీక్ష లాన్సెట్ డయాబెటిస్ అండ్ ఎండోక్రైనాలజీ పత్రికలో వెలువడెను. రోగి రక్తమునుండియే ఫలకికలు, తెల్లకణములు, పీచు కలిసిన చిన్న బిళ్లను చేసి వారమున కొకసారి పుండుపై పరచిరి. ఇరువది వారములలో మామూలు చికిత్స పొందినవారిలో నూటికి 22 మందికి పుండు మానగా, బిళ్లను కూడ వేసినవారిలో నూటికి 34 మందికి మానినది. ఇది మహాద్భుతము కాదు. నూటికి అరువదియారు మందికి ఆ గడువులో మానలేదు కూడ. అయినను నూరుమందిలో అదనముగా పండ్రెండు మందికి పుండు మానుట చిన్న సంగతి కాదు. నైటన్ నాడు కన్న కలలో కొంత నిజమున్నదని ముప్పదిరెండేండ్లకు తేలినది. ఆ రెండు జట్లకును పుండును శుభ్రపరచుట, కాలిపై బరువు పడకుండ చూచుట సమానముగా జరిగినవని గుర్తుంచుకొనవలెను. బిళ్ల ఆ సేవకు తోడేగాని బదులు కాదు.

కావున, మీ నెత్తురే మీకు మందు అను మాటలో సత్యమున్నది. అది సగము సత్యము. తన రక్తమే గనుక పరుల వ్యాధులు సోకు భయము లేదు. కాని సూది గ్రుచ్చినచోట నొప్పి, శుభ్రత లోపించినచో చీము, చేతి డబ్బు వ్యయము మాత్రము తప్పవు. ఇట్టి చికిత్సను ఎవరైనను సూచించినప్పుడు, నా జబ్బునకే ఇది పరీక్షింపబడినదా, ఉప్పునీటితో పోల్చి చూచిరా, దీనితోపాటు చేయవలసిన తక్కిన చికిత్స యేమి అని మూడు ప్రశ్నలు మర్యాదగా అడుగుట రోగి హక్కు. మంచి వైద్యుడు ఆ ప్రశ్నలకు సంతోషించును.

బిజ్జొజేరో ఆ బిళ్లలను కనిపెట్టినది తొందరపడి కాదు. పారుచున్న నెత్తుటిని ఓపికతో చూచి. రాస్ వాని రెండవ విద్యను తెలిసికొన్నది పోల్చి చూచి. చూచుట, పోల్చుట అను ఆ రెండు గుణములే ఈ మందునకును గీటురాళ్లు. ఈసారి కత్తిపీట తగిలి వ్రేలు తెగినప్పుడు, నెత్తురు నిలుచువరకు ఆ నాలుగైదు నిమిషములు మీరు అదిమిపట్టి కూర్చుండవలసియే యుండును. ఆ సమయమున, తెగినచోట లక్షలకొలది చిన్న బిళ్లలు గండి పూడ్చుచు, పనివారికి కబురు పంపుచున్నవని ఒక్కమారు తలచుకొనుడు. పుట్టిననాటినుండి మనలో పనిచేయుచున్న ఆ వైద్యునికి మనము పేరు పెట్టి నూటనలువదియేండ్లు దాటినవి; ఆయన విద్యను పూర్తిగా నేర్చుకొనుట మాత్రము ఇంకను ముగియలేదు.